ఆయిల్ తాగే పాత ఇంజన్: డబ్బా మార్చే ముందు కొలత తీయండి

హౌరా వెళ్లే రైలెక్కిన తెలుగువాళ్లకు ఖరగ్‌పూర్ కొత్త కాదు. కిలోమీటరు దాటి సాగే ప్లాట్‌ఫాం, పెద్ద రైల్వే వర్క్‌షాపు, ఆ పనిని నమ్ముకుని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనే ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు. దేశంలో మొదటి ఐఐటీ 1951లో మొదలైందీ ఇక్కడే. మొత్తానికి ఇంజన్ల చుట్టూ పెరిగిన ఊరు. పొగ కొట్టే పాత కారుకు ఏ ఆయిల్ పోయాలన్న ప్రశ్న స్పేర్ పార్టుల దుకాణంలో కంటే ఇలాంటి ఊళ్లో బాగా అర్థమవుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న మామూలుగా పాత స్పోర్ట్స్ కార్ల యజమానుల నుంచి వస్తుంది. అరవై ఏళ్ల నాటి రెండు సీట్ల కారు, వారానికోసారి బయటికి తీస్తారు, ప్రతిసారీ వెనక నీలం పొగ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత కిందికి. అలాంటి కార్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయిలే అనుకోవద్దు. బ్రిటన్‌లో 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారు బానెట్ కింద ఉన్నది బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. అదే కుటుంబపు 1489 సీసీ ఇంజన్ హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచింది. కార్బ్యురేటర్లు, కంప్రెషన్, హార్స్‌పవర్ వేరు. లోపలి ఎముకలు మాత్రం ఒకటే. ఆ ఇంజన్‌నే 1798 సీసీకి పెంచి 1962లో ఎంజీబీలో పెట్టారు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కథా ఇలాంటిదే. ట్రయంఫ్ కంపెనీ హెరాల్డ్ చట్రాన్ని పొట్టి చేసి దాని మీదే స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును కట్టింది. అంటే లండన్ శివార్లలో ఎంజీ యజమానికి వచ్చే సందేహమూ, ఖరగ్‌పూర్ గోల్‌బజార్లో పాత అంబాసిడర్ యజమానికి వచ్చే సందేహమూ ఒకే ఇంజన్ గురించినవి.

ఈ సందేహానికి గ్యారేజీల్లో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, "ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోయండి". రెండోది, "మంచి ఖరీదైన ఫుల్ సింథటిక్ పోయండి". రెంటిలోనూ కొంత నిజం ఉంది. కానీ రెండూ అసలు ప్రశ్న అడగకుండా ఇచ్చే జవాబులే. ఎంత ఆయిల్ పోతోంది, ఏ దారిన పోతోంది అన్నది తేలకుండా ఆయిల్ ఎంచుకోవడమంటే జ్వరం ఎంతో చూడకుండా మాత్ర మింగడమే.

ముందు చిక్కటి ఆయిల్ సంగతి చూద్దాం. ఎక్కువమంది నమ్మేది దాన్నే.

ఇంజన్‌లో వాల్వ్ కాడ ఒక గొట్టంలో పైకీ కిందికీ కదులుతుంది. ఆ గొట్టమే వాల్వ్ గైడ్. కాడకూ గొట్టానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. సన్నటి సందులోంచి ద్రవం ఎంత కారుతుందనేది ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది. ద్రవం స్నిగ్ధత, అంటే చిక్కదనం, పెరిగితే కారడం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. సందు వెడల్పు పెరిగితే మాత్రం కారడం దాని ఘనం చొప్పున పెరుగుతుంది. వెడల్పు రెట్టింపైతే కారడం రెట్టింపు కాదు, రెండు రెళ్లు నాలుగూ కాదు, ఎనిమిది రెట్లు. ప్రవాహాల గురించి డిగ్రీ భౌతికశాస్త్రంలో చదివే లెక్కే ఇది, గ్యారేజీలోనూ మారదు.

ఇప్పుడు డబ్బా మీది అంకెలు చూడండి. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 గ్రేడ్ ఆయిల్ స్నిగ్ధత 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలి. 50 గ్రేడ్‌ది 16.3 నుంచి 21.9 మధ్య. దుకాణంలో దొరికేవాటిలో 40 గ్రేడ్‌ది 14, 50 గ్రేడ్‌ది 18 దగ్గర ఉంటాయనుకుందాం. గైడు అరిగి సందు రెట్టింపైన ఇంజన్‌లో 40 తీసేసి 50 పోస్తే ఏమవుతుంది? ఎనిమిది రెట్లు కారాల్సింది ఆరు రెట్లకు పైగా కారుతుంది. అంతే. అరుగుదలను పూర్తిగా చిక్కదనంతోనే కప్పిపుచ్చాలంటే 100 డిగ్రీల దగ్గర 110 సెంటీస్టోక్‌లు దాటిన ఆయిల్ కావాలి. లారీ డిఫరెన్షియల్‌లో పోసే 140 నంబరు గేర్ ఆయిల్ కూడా అందులో మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఇంజన్‌లో పోస్తే పొగ సంగతేమో గానీ బేరింగులకు ఆయిల్ అందదు.

పిస్టన్ రింగుల దగ్గర లెక్క ఇంకా తిరకాసుగా ఉంటుంది. ఆయిల్ చిక్కనైతే సిలిండర్ గోడ మీద మిగిలే పొర కూడా మందమవుతుంది. దాన్ని గీకి కిందికి పంపాల్సిన ఆయిల్ రింగు అప్పటికే బిగువు తగ్గి, దాని సన్నటి రంధ్రాలు బొగ్గుమసితో పూడిపోయి ఉంటే, చిక్కటి ఆయిల్ దాని పనిని మరింత కష్టం చేస్తుంది. చిక్కటి ఆయిల్ పోయగానే ప్రెషర్ గేజీ ముల్లు పైకి లేస్తుంది, మనసు కుదుటపడుతుంది. అయితే ఆ ముల్లు చూపేది ఒత్తిడిని. బేరింగుకు ఎంత ఆయిల్ చేరుతోందో అది చెప్పదు.

ఇంతకీ ఇంజన్ ఎంత ఆయిల్ తాగితే ఎక్కువ? దీనికో చిన్న లెక్క వేద్దాం. నాకు ఈ లెక్క అంటే ఇష్టం. బండి గంటకు 60 కిలోమీటర్లు, అంటే నిమిషానికి కిలోమీటరు పోతోందనుకోండి. ఇంజన్ నిమిషానికి సుమారు 2500 చుట్లు తిరుగుతుంది. వెయ్యి కిలోమీటర్లకు వెయ్యి నిమిషాలు, 25 లక్షల చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకోసారి మండుతుంది కాబట్టి నాలుగు సిలిండర్లలో మొత్తం 50 లక్షల మంటలు. ఈ దూరానికి ఒక లీటరు ఆయిల్ ఖర్చయితే ఒక్కో మంటలో కాలింది 0.0002 మిల్లీలీటర్లు. ఒక నీటిచుక్కలో సుమారు 250వ వంతు. మన బీ-సిరీస్ ఇంజన్‌లో బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 89 మిల్లీమీటర్లు. పిస్టన్ తిరిగే గోడ వైశాల్యం సుమారు 204 చదరపు సెంటీమీటర్లు. ఆ కాస్త ఆయిల్‌ను గోడంతా పరిస్తే పొర మందం మైక్రాన్‌లో నూరో వంతు. గోడ మీద ఉండే ఆయిల్ పొరే మైక్రాన్ స్థాయిది. అంటే ప్రతి మంటకూ అందులో నూటికొక పాలు కాలిపోతే చాలు, వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఖాళీ.

అందుకే కొత్త ఇంజన్లు కూడా ఎంతో కొంత ఆయిల్ తాగుతాయి. ఇప్పటికీ కొన్ని యూరప్ కంపెనీలు తమ కార్ల పుస్తకాల్లో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఖర్చును మామూలుగానే లెక్కిస్తాయి. కొన్ని ఇంజన్లు పుట్టుకతోనే ఆయిల్ తాగేవి. రాజ్‌దూత్, లాంబ్రెటా వంటి టూ-స్ట్రోక్ బళ్లలో పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసేవాళ్లం. మాజ్డా ఆర్ఎక్స్-7 స్పోర్ట్స్ కారు రోటరీ ఇంజన్‌లోకి ఒక చిన్న పంపు కావాలనే ఆయిల్ చిమ్మేది. కాబట్టి అరవై ఏళ్ల ఇంజన్ వెయ్యి కిలోమీటర్లకు లీటరులోపు తాగితే నేను గాబరా పడను. ఐదు వందలకు లీటరైతే అది ఆయిల్ ఎంపికతో తీరే సమస్య కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్నప్పుడే అసలు తర్కం.

ఇక్కడే ఖరగ్‌పూర్ మనకు పనికొస్తుంది. ఆగ్నేయ రైల్వే డీజిల్ లోకో షెడ్ ఈ ఊళ్లో ఉంది. అమెరికన్ ఆల్కో కంపెనీ నమూనాతో వారణాసి కర్మాగారంలో 1964 నుంచి తయారైన డీజిల్ ఇంజన్లు ఇలాంటి షెడ్లలో ఏళ్ల తరబడి బతికాయి. 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, వందల లీటర్ల ఇంజన్ ఆయిల్. పట్టాలెక్కినప్పుడు నల్లటి పొగ విడిచే ఆ ఇంజన్లకు ఏ ఆయిల్ వాడాలో లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో నిర్ణయిస్తుంది. ఎంత ఆయిల్ తాగుతోందో ఎవరూ పొగ చూసి చెప్పరు. కాల్చిన డీజిల్లో ఇంజన్ ఆయిల్ ఎంత శాతమో లెక్క కడతారు. ఆ శాతం పెరిగితే ఇంజన్ మీద అనుమానం మొదలవుతుంది.

అంతటితో ఆగరు. షెడ్ ప్రయోగశాలలో వాడిన ఆయిల్ నమూనాను వర్ణపట విశ్లేషణకు పంపుతారు. ఒక్కో లోహం మండినప్పుడు తనదైన రంగు వెలుగును విడుస్తుంది కదా, ఆ వెలుగును బట్టి ఆయిల్లో ఏ లోహం పది లక్షల్లో ఎన్ని వంతులుందో తెలుస్తుంది. రాగి, సీసం పెరిగితే బేరింగులు అరుగుతున్నాయి. క్రోమియం పెరిగితే రింగులో లైనర్లో అరుగుతున్నాయి. సిలికాన్ కనిపిస్తే గాలి ఫిల్టరు దాటి దుమ్ము వస్తోంది. సోడియం, బోరాన్ కనిపిస్తే చల్లబరిచే నీరు లోపలికి కారుతోంది. ఇంజన్ విప్పకుండానే లోపల ఏం జరుగుతోందో ఆయిలే చెబుతుంది. విద్యుదీకరణ దాదాపు పూర్తి కావడంతో డీజిల్ ఇంజన్ల రోజులు తగ్గిపోతున్నాయి. ఇంజన్లతోపాటు ఈ అలవాటు కూడా పోతే నష్టమే. రైలింజన్ విషయంలో ఇంత పద్ధతిగా ఉన్న మనం సొంత కారు దగ్గరికొచ్చేసరికి డబ్బా మీద బొమ్మ చూసి కొంటాం.

కారు యజమానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక చిన్న పుస్తకం, పెన్ను చాలు. బండిని ఎప్పుడూ ఒకే చదునైన చోట, రాత్రంతా ఆగిన తరువాత, పొద్దున్నే చూడాలి. డిప్‌స్టిక్ పై గీత దాకా నింపి కిలోమీటర్లు రాసుకోవాలి. తగ్గినప్పుడల్లా కొలిచి పోసి, ఎంత పోశారో రాయాలి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కొన్ని పాత ఇంజన్లు పై గీత దగ్గర ఉన్న ఆయిల్‌ను త్వరగా వదిలించుకుని సగానికొచ్చాక నెమ్మదిస్తాయి. కాబట్టి మొదటి రెండు వందల కిలోమీటర్ల లెక్కతో తీర్పు చెప్పకండి, కనీసం వెయ్యి కిలోమీటర్లు చూడండి. పై గీత దాటి పోస్తే మాత్రం తిరిగే క్రాంకు ఆ ఆయిల్‌ను నురగ చేసి పైకి కొడుతుంది, పొగ ఇంకా పెరుగుతుంది.

షెడ్డుల్లో చేసే ఒక పరీక్షను ఇంట్లోనూ చేయొచ్చు. వేడి ఆయిల్ ఒక చుక్క అద్దుడు కాగితం మీద వేసి ఆరనివ్వండి. మసి చుక్క అంచు దాకా సమంగా పాకితే ఆయిల్లోని శుభ్రపరిచే రసాయనాలు ఇంకా పనిచేస్తున్నట్టు. నడిమధ్య నల్లటి ముద్దగా ఉండిపోయి చుట్టూ పలచటి వలయం మాత్రమే ఏర్పడితే ఆయిల్ పని అయిపోయినట్టు.

ఎంత అన్నది తేలాక, ఎక్కడ అన్నది తేలాలి. పొగ ఎప్పుడు వస్తోందన్నదే ఇక్కడ మొదటి సాక్ష్యం. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ ఊది ఆగిపోతే, వాల్వ్ కాడల మీది రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయని అనుమానించాలి. ఫ్లైఓవర్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసి, కింద మళ్లీ నొక్కగానే గుప్పుమంటే వాల్వ్ గైడ్లు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇన్లెట్ వైపు శూన్యం లాంటిది ఏర్పడి గైడ్ల సందుల్లోంచి ఆయిల్‌ను లాక్కుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఆగకుండా పొగ వస్తే రింగులు. తెల్లటి ఆవిరి, నల్లటి పొగ వేరే కథలు, వాటికి ఆయిల్‌తో పని లేదు.

అనుమానాన్ని ఖాయం చేసుకోవడానికి కంప్రెషన్ పరీక్ష ఉంది. ప్లగ్గు తీసి గేజీ పెట్టి చూస్తారు. తక్కువొచ్చిన సిలిండర్లో టీ చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. రీడింగ్ పెరిగితే ఆ ఆయిల్ కాసేపు రింగుల సందును మూసిందన్నమాట, తప్పు రింగులది. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. ఇవన్నీ చేసే ముందు ఇంజన్ ఊపిరి గొట్టం, అంటే బ్రీదర్, పూడుకుపోయిందేమో చూడమని నా సలహా. అది పూడితే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్ దొరికిన సందులన్నిటిలోంచీ బయటికి తోసుకొస్తుంది. పాత బ్రిటిష్ కార్లు ఆయిల్ కారకపోతేనే ఆశ్చర్యం కాబట్టి బండి కింద రాత్రి ఒక అట్టముక్క పరిచి చూడటం కూడా మంచిదే. కాలిన ఆయిల్ అనుకున్నదాంట్లో సగం అట్ట మీదే దొరకొచ్చు.

ఇవన్నీ అయ్యాక ఇక డబ్బా దగ్గరికి వెళ్దాం.

మొదటి అంకెతో మొదలుపెడదాం. 20డబ్ల్యూ50 అన్నప్పుడు డబ్ల్యూ అంటే చలికాలం. 20డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 15 డిగ్రీల దగ్గర ఇంజన్‌ను తిప్పనివ్వగలదా, మైనస్ 20 దగ్గర పంపుకు అందగలదా అని పరీక్షలు. 0డబ్ల్యూకు అవే పరీక్షలు మైనస్ 35, మైనస్ 40 దగ్గర. ఖరగ్‌పూర్‌లో జనవరి తెల్లవారుజామున పది డిగ్రీల దరిదాపుల్లోకి దిగితే గొప్ప చలి. మైనస్ 35లో పనిచేసే గుణానికి అదనంగా డబ్బిచ్చి దాన్ని సైలెన్సర్లోంచి పొగగా వదలడం నాకు సబబుగా తోచదు. శ్రీకాకుళమైనా విజయవాడైనా ఇదే మాట.

రెండో అంకె మాత్రం మన ఊళ్లకు ముఖ్యం. ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండాలో 2024 ఏప్రిల్ 30న 47.2 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు మామూలు కంటే పది డిగ్రీలకు పైగా ఎక్కువ. ఆయిల్ కూలర్ లేని పాత కారు అలాంటి మధ్యాహ్నం హైవే మీద పరిగెడితే సంపులో ఆయిల్ 120 డిగ్రీలకు చేరడం వింత కాదు. 50 గ్రేడ్ ఆయిల్ 120 డిగ్రీల దగ్గర, 30 గ్రేడ్ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నంత పలచబడుతుంది. ఆ కాలపు కార్ల పుస్తకాల్లో తరచుగా కనిపించేవి 30, 40 వంటి ఒంటి గ్రేడ్లు. ఆ తరువాత 20డబ్ల్యూ50 బ్రిటిష్ కార్లకు అలవాటైన గ్రేడ్ అయింది. కాబట్టి ఈ తరం ఇంజన్‌కు ఎండాకాలం 20డబ్ల్యూ50 సరైన ఆయిలే. అది పొగ తగ్గిస్తుందని కాదు, బేరింగుల్లో పొర నిలబడుతుందని. చిక్కదనం అసలు పని అదే.

ఇక జింకు. పాత ఇంజన్లలో క్యామ్ పెదవి చదునైన టాపెట్ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఇప్పటి చాలా ఇంజన్లలో ఉండే రోలర్లు అందులో లేవు. అక్కడి ఒత్తిడికి ఆయిల్ పొర తెగిపోతుంది. అప్పుడు కాపాడేది జెడ్‌డీడీపీ అనే జింకు-భాస్వరం రసాయనం. వేడికీ ఒత్తిడికీ అది విడిపోయి ఉక్కు మీద మైక్రాన్‌లో పదో వంతు మందంలో గాజులాంటి పొర కడుతుంది. అరిగితే మళ్లీ కట్టుకుంటుంది. చిక్కేమిటంటే ఇందులోని భాస్వరం కెటాలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకని కొత్త కార్లకోసం చేసే 20, 30 గ్రేడ్ ఆయిళ్లలో భాస్వరాన్ని 0.08 శాతానికి మించనివ్వరు. మన దేశంలో కెటాలిటిక్ కన్వర్టర్లు 1995లో నాలుగు మహానగరాలతో మొదలయ్యాయి. అంతకు ముందటి కారుకు ఆ గొడవే లేదు.

కొత్త ఆయిళ్లన్నిటిలో జింకు తీసేశారు, పాత కార్లకు పనికిరావు అని ఒక మాట చెలామణిలో ఉంది. అది సగమే నిజం. ఆ భాస్వరం పరిమితి పలచటి గ్రేడ్లకే గానీ 20డబ్ల్యూ50కి వర్తించదు. డబ్బా మీద ఏపీఐ గుండ్రటి ముద్ర అడుగున "రిసోర్స్ కన్జర్వింగ్" అని ఉంటే అది మీ ఇంజన్‌కు కాదు. తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో భాస్వరం 0.10 నుంచి 0.12 శాతం ఉంటే సరిపోతుంది. ఇంకాస్త రక్షణ అంటూ జింకు సీసాలు విడిగా కొని కలపడం ఆయిల్ తాగే ఇంజన్‌లో తెలివైన పని కాదు. కాలిన ఆయిల్ ఆవిరైపోయినా అందులోని లోహాలు బూడిదగా ప్లగ్గుల మీద, పిస్టన్ తల మీద పేరుకుంటాయి. అవి ఎర్రగా కాలి పెట్రోల్‌ను వేళకు ముందే అంటిస్తాయి.

రైల్వే ఊళ్లో ఉన్నాం కాబట్టి ఒక మాట. భారత రైల్వేలు ఆల్కోల తరువాత తెచ్చుకున్న అమెరికన్ ఈఎండీ డీజిల్ ఇంజన్లలో పిస్టన్ పిన్ను దగ్గర వెండి పూత వేసిన బేరింగులు ఉంటాయి. జింకు రసాయనం ఆ వెండిని తినేస్తుంది. అందుకే వాటికి జింకు లేని ఆయిల్ వాడతారు. అంబాసిడర్ క్యామ్‌ను కాపాడే మందే ఆ ఇంజన్‌కు విషం. ఏ ఆయిల్ మంచిది అని గాల్లో అడిగితే జవాబు ఉండదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

డబ్బా మీద కనిపించని ఇంకో గుణం ఉంది, ఆయిల్ తాగే ఇంజన్‌కు అది చిక్కదనం అంత ముఖ్యం. అది ఆవిరయ్యే గుణం. ఆయిల్‌ను 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత శాతం ఎగిరిపోయిందో చూసే పరీక్షను నోవాక్ అంటారు. ఇప్పటి ఏపీఐ ప్రమాణాల్లో అది 15 శాతం మించకూడదు. సిలిండర్ గోడ మీది పొరలో తేలికపాటి అణువులు ముందు ఎగిరిపోతాయి కాబట్టి ఒకే గ్రేడ్‌లో ఉన్న రెండు ఆయిళ్లలో నోవాక్ తక్కువున్నది నెమ్మదిగా తరుగుతుంది. సింథటిక్ ఆయిల్‌కు ఇక్కడ నిజమైన మేలు ఉంది. ఇంజన్ కొద్దిగానే తాగుతుంటే సెమీ సింథటిక్ 20డబ్ల్యూ50కి కాస్త ఎక్కువ ఇవ్వొచ్చు. ఎక్కువ తాగే ఇంజన్‌కు మాత్రం పేరున్న మామూలు మినరల్ ఆయిల్ పోసి, త్వరగా మారుస్తూ ఉండటమే మేలు. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బళ్లకంటూ అమ్మే ఆయిళ్లలో గట్టిపడ్డ రబ్బరును మెత్తబరిచే పదార్థాలు ఉంటాయి. తప్పు సీళ్లదైతే అవి కొంత పనిచేస్తాయి. అరిగిన ఇనుమును ఏ సీసా తిరిగి పెంచదు.

పొగ గురించి పాత కార్ల అభిమానులతో నాకు పేచీ ఉంది. వింటేజ్ ర్యాలీలో నీలం పొగ వదిలే కారును చూసి ముచ్చటపడే వాళ్లను చూశాను. ఇంజన్ ఆయిల్ కాలితే వచ్చే కణాలు చాలావరకు మైక్రాన్ కంటే చిన్నవి, ఊపిరితిత్తుల లోతుకు పోయేవి. మన కాలుష్య పరీక్ష కూడా ఇక్కడ సరిగా పట్టుకోదు. పెట్రోల్ బండికి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. పొగ సాంద్రత కొలిచేది డీజిల్ బండికే. ఎత్తు ఎక్కేటప్పుడు వీధంతా నీలం చేసే పెట్రోల్ కారు ఐడ్లింగ్‌లో పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన, అసలు రూపం మారని బళ్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, వాటిని రోజువారీ పనులకూ వ్యాపారానికీ నడపకూడదు. మంచి ఏర్పాటే. ఆ రిజిస్ట్రేషన్‌తోపాటు ఇంజన్ ఆయిల్ ఖర్చు పుస్తకం కూడా చూపించమని అడిగితే ఇంకా బాగుండేదని నాకనిపిస్తుంది. రైల్వే షెడ్డుకు సాధ్యమైన లెక్క కారంటే అంత ప్రేమ ఉన్న యజమానికి భారం కాదు.

అసలు ప్రమాదం పొగ కూడా కాదు. ఇలాంటి ఇంజన్ల సంపులో పట్టేది సుమారు నాలుగు లీటర్లే. ఖరగ్‌పూర్ నుంచి విశాఖకు ఏడు వందల కిలోమీటర్లకు పైనే. నాలుగు వందల కిలోమీటర్లకు లీటరు తాగే బండి దారిలో డిప్‌స్టిక్ చూడకుండా ఆ ప్రయాణం చేస్తే చేరేసరికి సంపు సగం ఖాళీ. మిగిలిన సగం రెట్టింపు సార్లు తిరుగుతూ మరింత వేడెక్కుతుంది. ఏదో ఒక మలుపులో పంపు గాలి పీలుస్తుంది. అప్పుడు పోయేది క్రాంకు, బేరింగులు. వాటిని మళ్లీ దొరికించుకోవడం రింగులు దొరికించుకోవడమంత తేలిక కాదు.

అందుకని నా లెక్క ఇది. వెయ్యికి లీటరులోపైతే మంచి జింకున్న 20డబ్ల్యూ50, ఐదు వందల కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్, నాలుగైదు వేలకోసారి ఆయిల్ మార్పు. పొద్దుటి పొగ మాత్రమే అయితే వాల్వ్ సీళ్లు మార్పించండి. అవి చిన్న రబ్బరు రింగులు, హెడ్ దించకుండానే మార్చగల మెకానిక్‌లు ఉన్నారు. ఐదు వందలకు లీటరైతే ఆ నెల ఆయిల్ డబ్బాలకు పెట్టే డబ్బు పక్కన పెట్టి, ఇంజన్ విప్పే మెకానిక్‌తో మాట్లాడండి. విప్పినప్పుడు రింగులతోపాటు గైడ్లు కూడా కొలిపించండి. కంప్రెషన్ పెరిగాక పాత గైడ్ల దగ్గర పొగ మళ్లీ మొదలైతే హెడ్ రెండోసారి దించాల్సి వస్తుంది.